చేతిలో జాలీ, మొహాన నవ్వు

నాచారం,
నవంబరు 3

భవానీ బిడ్డకు మేనమామ బాలనర్సింహ రాయునది.

నా నంబరును నీ ఫోనులోంచి గెంటేశావు. మీ అమ్మ, అంటే నా తోడబుట్టిన అక్క ఉప్పలమ్మ, చెంగిచెర్లలో నా మొహం మీదే తలుపు వేసింది. మీ నాయన దవాఖానాలో నన్ను చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇక నాకు మిగిలింది తపాలా డబ్బా ఒక్కటే. ఉప్పల్ పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరులో ఉన్నాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఉత్తరమా? ఎవలకు పెద్దమనిషీ?" అన్నాడు. "నన్ను తిట్టేటోళ్ళకు" అన్నాను. ఇంకో రెండు కవర్లు కూడా తీసుకొమ్మన్నాడు.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే కంపెనీ కాగితంలో ఇదే వేరేగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా నేనూ మీ నాయన చంద్రయ్య బావా ఒకే షెడ్డులో రేకు మూతలు కొట్టే ప్రెస్సు మీద పని చేశాం. ప్రెస్సు కిందికి దిగేటప్పుడు అందులోకి చెయ్యి పోకుండా ముందర ఇనుప జాలీ ఉంటుంది. అక్టోబరు పదమూడున ఆ జాలీ లేదు. బావ కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. ఇదీ జరిగింది.

కంపెనీ నాకిచ్చిన కాగితంలో ఏముందో తెలుసా? "ప్రమాదము జరిగిన రోజు ఉదయము బాలనర్సింహ అను కార్మికుడు తమాషా కొరకు జాలీ ఊడదీసి నవ్వుచుండగా తీసిన ఫోటో" అని రాసి, కింద ఫోటో జిరాక్సు అంటించారు. నిన్ను పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో డిసెంబరు పదిహేనున విచారణలో చెప్పుకో అన్నారు.

ఆ ఫోటో అబద్ధం. నా తలకాయ తెచ్చి ఎవడి మెడ మీదో పెట్టారు. నేను జాలీ ముట్టనే లేదు. నువ్వు ఏఎస్ రావు నగర్‌లో బండ్ల బీమా ఆఫీసులో కూర్చుని రోజూ గుద్దుకున్న కార్ల ఫోటోలు చూసి నిజమేదో నకిలీ ఏదో తేల్చేదానివి. మీ ఇంటికి కూడా ఒక కాపీ ఇచ్చారని తెలిసింది. చూసి అతుకు ఎక్కడుందో రాయి. మామ మీద కోపంతో కాకుండా, నీ నౌకరీ మీద గౌరవంతో రాయి.

బాలనర్సింహ

చెంగిచెర్ల,
నవంబరు 8

మామకు,

నమస్కారం అని రాయడం లేదు. మరిచిపోయి కాదు.

ఫోను ఎందుకు ఎత్తనో చెబుతాను. నీ గొంతు వింటే నాకు నవ్వొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు "బిడ్డా" అనగానే తర్వాత ఏదో తమాషా ఉందని నా మొహం ముందే తయారైపోతుంది. పక్క గదిలో నాన్న చేతికి కట్టుతో ఉండగా నేను నవ్వలేను. కాగితం మీద నీకు గొంతు లేదు. అందుకని కాగితం మీదే మాట్లాడు.

నాన్న ఎడమచేత్తో తింటున్నాడు. సగం అన్నం ఒళ్ళో పడుతుంది. అమ్మ కలిపి పెడతానంటే "నేనేమన్న చంటిపిల్లగాన్నా" అని కంచం తోసేశాడు. అమ్మ ఆ మెతుకులు ఏరుతూ నీ పేరు పెట్టి తిట్టింది. నేను ఆపలేదు.

ఉప్పల్ స్టేడియంలో మ్యాచి ఉన్నప్పుడు, పసుపు రంగు బట్టలు వేసుకొచ్చినవాళ్ళకు ఉచిత పాసులని కంపెనీ ముద్రతో దొంగ నోటీసు అంటించింది ఎవరు? షిఫ్టు షిఫ్టంతా పసుపు చొక్కాలతో వచ్చింది. నాన్న దగ్గర పసుపు చొక్కా లేక నా చున్నీ మెడకు చుట్టుకుని పోయాడు. ఆ రోజు అందరం పడీ పడీ నవ్వాం. అదే మనిషి ఇప్పుడు జాలీ చేతబట్టుకుని పళ్ళికిలించిన ఫోటో నా ముందు పెడితే నేనేం అనుకోవాలి?

అతుకు లేదు మామా. నీ నీడా జాలీ నీడా ఒకే వైపు పడ్డాయి. జాలీ సందుల్లోంచి నీ చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నచోటే కనబడుతున్నాయి. నా పని నాకు నేర్పకు, నా దగ్గర అబద్ధం ఆడకు.

నిజంగా జవాబు రాసుకోవాలని ఉంటే ముందు ఆ ఫోటోలో ఏముందో రాయి. మా ఆఫీసులో కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి నెలంతా అదే పని. ఫారంలో రెండు గళ్ళు. ఎడమది కనబడేది. కుడిది మనం అనుకునేది. ఎడమ గడి నిండకుండా కుడి గడి ముట్టుకుంటే పెద్దసారు కాగితం చింపేస్తాడు. బంపరుకు సొట్ట ఉంది అని రాయాలి, తాగి నడిపాడు అని రాయకూడదు. నువ్వు ఎడమ గడి రాసి పంపు. "నేను" అనే మాట ఉండొద్దు. "ఎందుకంటే" అసలే ఉండొద్దు.

దుర్గాభవాని

నాచారం,
నవంబరు 12

పెద్దసారు గారైన మేనకోడలికి,

తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి పరీక్ష పెట్టావు. రాశాను, దిద్దుకో.

కనబడేది: ఒక అమాయకుడు. వయసు నలభై ఎనిమిది. వాడి చేతిలో ఇనుప జాలీ. వాడి పక్కన రక్తం తాగే ప్రెస్సు. పైకి నవ్వుతున్నాడు గానీ లోపల మస్తు మంచివాడు. వాడి మీద కుట్ర జరుగుతున్న సంగతి వాడికి తెలియదు. ఫోటోకు అవతల అచ్యుతరావు అనే సూపర్వైజరు పిల్లిలా నక్కి ఉన్నాడు. ఆయన పొట్ట ఫోటోలో పట్టక బయట ఉండిపోయింది.

చాలా? ఇంకా కావాలంటే ఇంకో పేజీ రాస్తా. తిట్టడానికి నాకు ఫారం అక్కర్లేదు.

ఒక మాట మాత్రం నిజంగా అడుగుతున్నాను. తమాషా చేసేవాడు ఎప్పుడూ తమాషాయే చేస్తాడా? మీ నాయనకు ప్రెస్సు పని నేర్పింది నేను. బావా, చెయ్యి పోనియ్యకు, రేకును చిమ్టాతో పట్టి పెట్టు అని ఇరవై రెండేళ్ళు చెప్పిన నోరు ఇది. ఆ నోరు ఎవరికీ గుర్తు లేదు. పసుపు చున్నీ మాత్రం అందరికీ గుర్తుంది.

బాలనర్సింహ

చెంగిచెర్ల,
నవంబరు 17

మామకు,

సున్నా.

అమాయకుడు ఫోటోలో ఏ మూల ఉన్నాడు? వేలు పెట్టి చూపించు. నలభై ఎనిమిదేళ్ళు ఎక్కడ కనబడ్డాయి, నుదుటి మీద అచ్చు వేసి ఉందా? "లోపల మంచివాడు" అన్నావు. కెమెరా లోపలికి పోదు. రక్తం తాగే ప్రెస్సు అన్నావు. ఆ రక్తం మా నాన్నది. దాన్ని నీ మాటల సొగసుకు వాడుకున్నావంటే ఇంకో ఉత్తరం తెరవను, చింపేస్తాను.

కోపంతో చూస్తే కోపమే కనబడుతుంది. నీకు ఎలా చూడాలో చెబుతాను, ఇదే ఆఖరుసారి. ఒక పాత పేపరు తీసుకో. మధ్యలో అగ్గిపెట్టె అంత బొక్క కత్తిరించు. ఆ బొక్కను ఫోటో పై ఎడమ మూలన పెట్టు. అందులోంచి కనబడింది మాత్రమే రాయి. అగ్గిపెట్టె అంత జరుపు. మళ్ళీ రాయి. వరస అయిపోయాక కింది వరసకు రా. మొహం వచ్చినప్పుడు మొహం రాయి, అంతకుముందు కాదు. మనిషి కన్ను ఎప్పుడూ మొహం మీదికే ఉరుకుతుంది, ఫోటో ఇచ్చేవాళ్ళకు ఆ సంగతి తెలుసు.

అంచుల దగ్గర ఇంకా నెమ్మదిగా చూడు. ఫోనులో తీసిన ఫోటో పొడుగ్గా ఉంటుంది. ఇది చదరంగా ఉంది. ఎవరో కోశారు. కోసినచోట ఏదో ఒకటి సగం మిగిలిపోతుంది. అది వెతుకు.

దుర్గాభవాని

నాచారం,
నవంబరు 24

బిడ్డా,

నీ అగ్గిపెట్టె బొక్క నా ప్రాణం తీసింది. మూడు సాయంత్రాలు పట్టింది. మీ అత్త "పేపర్ల బొక్క వెట్టి ఏం సూస్తున్నవ్, గ్రహణమా?" అని అడిగింది. రాశాను, చూడు.

పై వరస. రేకుల కప్పు. ఒక ట్యూబులైటు, వెలుగుతోంది. గోడ గడియారం, సగం, ముళ్ళు లేని సగం. రెండో వరస. ప్రెస్సు పైభాగం. దాని మీద నల్లటి గుండ్రటి మరకలు, అయిదు, గ్రీజువి. కుడి అంచున ఒక మోచేయి. మనిషి లేడు, మోచేయి ఒక్కటే ఉంది. మడిచిన తెల్లచొక్కా చెయ్యి. మూడో వరస. ఒక మనిషి మొహం. నోరు తెరిచి ఉంది. పై పళ్ళు ఏడు కనబడుతున్నాయి. కళ్ళు కెమెరా వైపు లేవు. మోచేయి ఉన్న అంచు వైపు ఉన్నాయి. రెండు చేతులూ జాలీని పట్టుకున్నాయి. జాలీ నుంచి ఏవో చుక్కలు కారుతున్నట్టు గీతలు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసి నల్లగా ఉంది.

అంతే. "నేను" రాయలేదు, లెక్కపెట్టుకో.

ఒకటి చెప్పనా? ఇలా రాస్తుంటే ఆ మనిషి పరాయివాడిలా అయిపోయాడు. వీడు కెమెరాకు నవ్వడం లేదు, ఎవరినో చూసి నవ్వుతున్నాడు అనిపించింది. ఇన్ని రోజులు ఇంతమంది చూశారే, ఒక్కరు అడిగారా, ఎవరిని చూసి నవ్వుతున్నావని? కంపెనీ వాళ్ళు "నవ్వుచుండగా" అని ఒక్క మాట రాశారు, అందరికీ అదే సరిపోయింది. నాకు కడుపు మండిపోతోంది.

ఆ ఫోటో తీసింది మా షెడ్డులో ఉపేందర్. నాది బటన్ ఫోను, నా దగ్గర ఫోటో లేదు. వాణ్ణి చాయ్ హోటల్ దగ్గర పట్టుకున్నాను.

"ఉపేందరూ, నీ ఫోన్ల ఫోటో నిండుగ ఉంటది గద. జర సూపియ్."

"డిలీట్ అయిందన్నా."

"అదే అయిందా, నువ్వు చేసినవా?"

"నాకు ఇద్దరు పిల్లలున్నరన్నా."

నేను అడిగింది ఫోటో సంగతి, వాడు చెప్పింది పిల్లల సంగతి. చాయ్ సగంలో వదిలేసి పోయాడు. చూశావా, ఫోటో నకిలీ కాకపోతే వాడికెందుకు అంత భయం?

బాలనర్సింహ

చెంగిచెర్ల,
నవంబరు 28

మామకు,

ఈసారి బాగా రాశావు. అందుకే దొరికిపోయావు.

మోకాళ్ళ దగ్గర ఆగావు. పై వరస నుంచి ఒక్క అగ్గిపెట్టె కూడా వదలకుండా వచ్చినవాడివి, ఆఖరి వరస ముట్టుకోలేదు. మా ఆఫీసులో ఎవరైనా ఫారంలో ఒక మూల రాయకుండా వదిలేస్తే మేం ముందు ఆ మూలే చూస్తాం.

ఆ వరసలో పాదాలున్నాయి. జిరాక్సు కింద నల్లగా పడింది, కానీ కిటికీ దగ్గర పెట్టి చూస్తే వేళ్ళు లెక్కపెట్టొచ్చు. పది. బూట్లు లేవు, చెప్పులు లేవు. ఇనుప బూట్లు లేకుండా మీ షెడ్డులోకి ఎవరినీ రానివ్వరు కదా. ఓనరు అల్లుడు చెప్పులతో వచ్చాడని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడని నువ్వే వారం రోజులు చెప్పి చెప్పి నవ్వించావు. మరి నువ్వు ఉత్త కాళ్ళతో ఎలా ఉన్నావు?

ప్రెస్సు మీద గుండ్రటి మరకలు గ్రీజువని రాశావు. గ్రీజు వరసగా ఒకే సైజులో బొట్లు పెట్టుకోదు మామా. నలుపు తెలుపు జిరాక్సులో పసుపు కుంకుమలు కూడా గ్రీజులాగే కనబడతాయి. జాలీ నుంచి కారేది నీళ్ళు. కడిగారు.

అది పదమూడో తారీఖు కాదు. దసరా ముందురోజు, ఆయుధపూజ. మిషన్లు కడిగి బొట్లు పెట్టి చెప్పులు విప్పి మొక్కే రోజు. ఏడాది మొత్తంలో ఆ షెడ్డులో మీరు ఉత్త కాళ్ళతో నిలబడేది ఆ ఒక్కరోజే.

ఇది నీకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఈ ఒక్క ముక్కతో కంపెనీ రాసిన "ఆ రోజు ఉదయము" అబద్ధమైపోతుంది. అలాంటి ముక్కను నోట్లో పెట్టుకుని, తలకాయ అతికించారు, కుట్ర జరిగింది అని నెల రోజులుగా నాకు కథలు రాశావు. ఎందుకు?

దుర్గాభవాని

నాచారం,
డిసెంబరు 2

భవానీ,

ఈ ఉత్తరంలో తమాషా లేదు.

అవును, ఆయుధపూజ. ప్రతి ఏడాదీ జాలీ ఊడదీసి కడిగేది నేనే. నట్లు నాలుగు, పది నిమిషాల పని. కడిగాను, పసుపు రాశాను. అచ్యుతరావు సారు కొబ్బరికాయ కొడుతున్నాడు. మూడుసార్లు కొట్టాడు, పగల్లేదు. నాలుగోసారి చేతిలోంచి జారి ఆయన కాలి బొటనవేలి మీదే పడింది. ఉత్త కాలు. ఎగిరాడు చూడు, అంత బరువు మనిషి! అప్పుడు నవ్వాను. ఆ మోచేయి ఆయనదే. ఉపేందర్ ఆ నవ్వును పట్టాడు.

జాలీ మళ్ళీ పెట్టబోతే ఆయనే అన్నాడు: "పసుపు ఆరనియ్యి. పండుగ అయినంక పెట్టుకుందువులే." సరే అన్నాను. జాలీని కిటికీ కింద గోడకు ఆనించి ఇంటికి పోయాను. పండుగ అయి వచ్చేసరికి నన్ను ప్యాకింగ్‌కు మార్చారు. ఆ ప్రెస్సు మీద మీ నాయన ఒక్కడే మిగిలాడు.

ఇప్పుడు విను. క్యాంటీనుకు పోయే దారిలో ఆ కిటికీ కనబడుతుంది. జాలీ అక్కడే ఉంది, ఎండిన పసుపుతో. ఒకరోజు చూశాను. రెండోరోజు చూశాను. నాకేం, అది నా మిషను కాదు ఇప్పుడు, నన్ను ప్యాకింగ్‌కు తోశారు కదా, వాళ్ళే పెట్టుకుంటారు అనుకున్నాను. కోపంతో అనుకున్నాను. పది నిమిషాల పని. నాలుగు నట్లు. పూజ నుంచి ప్రమాదం దాకా పన్నెండు రోజులు.

పూజ రోజు ఫోటో అని చెబితే నువ్వు అడిగే తర్వాతి ప్రశ్న ఏంటి? "మరి మళ్ళీ పెట్టావా మామా?" ఆ ప్రశ్న రాకుండా ఉండాలని ఫోటోయే నకిలీ అన్నాను. చెయ్యని తప్పుకు తిట్లు తినడం సులువు బిడ్డా. గట్టిగా అరవొచ్చు, ఎదురు తిట్టొచ్చు. చేసినదానికి నోరు లేవదు.

ఇక నన్ను ఏమైనా అను.

బాలనర్సింహ

చెంగిచెర్ల,
డిసెంబరు 6

మామా,

అంటాను. తప్పకుండా అంటాను. నాలుగు నట్లకు మా నాన్న మూడు వేళ్ళు ఇచ్చాడు. ఈ వాక్యం రాసేటప్పుడు పెన్ను కాగితాన్ని చింపింది, చూడు.

కానీ నేను దాచింది కూడా ఉంది. విను.

ఆపరేషన్ అయిన మూడోరోజు అచ్యుతరావు దవాఖానాకు వచ్చాడు. ఫోటో జిరాక్సు నా చేతిలో పెట్టి, "నీ మామ గురించి నేనేం చెప్పాలమ్మా, నువ్వే సూడు" అన్నాడు. చూశాను. పళ్ళు చూశాను, జాలీ చూశాను. అంతే. నాన్న వాంగ్మూలం ఎవరు రాస్తారంటే నేనే రాస్తానన్నాను. "ప్రమాదము జరిగిన రోజు ఉదయము నా బామ్మర్ది తమాషా కొరకు" అని నా చేత్తో రాశాను. ఆ మాటలు ఆయన నోట్లోంచి వచ్చాయి, ఫోటోలోంచి కాదు. రోజుకు నలభై ఫోటోలు చూసి, కనబడనిది రాయొద్దని పదిమందికి నేర్పేదాన్ని నేను. మా నాన్న విషయంలో కుడి గడి మొత్తం ఇంకొకడి నోటితో నింపేశాను. నాన్నతో ఎడమ బొటనవేలు ముద్ర వేయించాను. కంపెనీ నీకు పంపిన కాగితంలో ఉన్నవి నా వాక్యాలే. నీ ఉత్తరంలో అవి మళ్ళీ చదివినప్పుడు గుర్తుపట్టాను. చెప్పలేదు.

పోయిన వారం నాన్నను అడిగాను. ఫోటో ముందు పెట్టి, కాళ్ళ మీద వేలు పెట్టాను. నాన్న ఎడమచేత్తో ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు.

"పూజ దినమే" అన్నాడు.

"నీకు ముందే తెల్సా?"

"తెల్సు."

"మరి ముద్ర ఎందుకేసినవ్ నాన్నా?"

"జాలీ లేకుంటే చెయ్యి జల్ది ఆడ్తది బిడ్డా. ప్రెస్సు దెబ్బలు ఎక్కువ పడ్తయి, మూతలు ఎక్కువ వస్తయి. గట్లనే నడిపియ్యి చంద్రయ్యా అన్నడు సారు. సరే అన్న. ఇప్పుడు ఆ మాట అంటే, నీ అంతట నువ్వే పెట్టినవ్ చెయ్యి అంటరని చెప్పిండు. నౌకరీ ఉండదన్నడు. మీ మామ అయితే ఎట్లనో బతుకుతడు, నవ్వుకుంట తిరుగుతడు అనుకున్న."

నాన్న మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అమ్మ అయితే చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టింది.

నాన్న ఆ వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకుంటున్నాడు. కొత్తది నేను రాయను, నాన్నే ఎడమచేత్తో రాస్తున్నాడు, వంకరటింకరగా, రోజుకు రెండు వాక్యాలు. నువ్వు నీ జవాబు రాసుకో. కాళ్ళు రాయి, బొట్లు రాయి, మోచేయి రాయి. మొత్తం ఫోటో చూపించమని అడుగు. కిటికీ కింద జాలీని రెండు రోజులు చూసి నడిచిపోయావు, అది కూడా రాయి. అది వదిలేశావో, విచారణకు నేనే వచ్చి చదువుతాను.

భవాని

నాచారం,
డిసెంబరు 16

బిడ్డా,

నిన్న విచారణ అయింది. నువ్వు ఆఫీసుకు సెలవు దొరక్క రాలేదు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

విచారణ చేసేవాడు బయటి నుంచి తెచ్చిన ముసలి వకీలు. పక్కన అచ్యుతరావు, కొత్త చొక్కాలో.

"ఫోటోల ఉన్నది నువ్వేనా?" అన్నాడు వకీలు.

"నేనే సార్."

"చేతిల ఉన్నది జాలీయేనా?"

"జాలీయే సార్."

"ఇగ మాట్లాడనీకి ఏమున్నది?"

"మస్తున్నది సార్. మీరు గూడ మోకాళ్ళ కాడ్నే ఆగిన్రు. జర కిందికి రాండ్రి."

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. "కాళ్ళకు ఏం లేదు గద" అన్నాడు.

అచ్యుతరావు అందుకున్నాడు: "వీడు ఎప్పుడూ ఇంతే సార్. రూల్స్ పాటించడు."

"మంచిది సార్. బూట్లు లేనోణ్ణి గేటు కాడ బుక్కుల రాస్తరు గద. పదమూడో తారీఖు పేజీల నా పేరు సూపియ్యుమనుండ్రి. మిషిన్ మీద అయిదు బొట్లు నేనే తమాషాకు పెట్టిన్నా అడుగుండ్రి. గా మోచెయ్యి ఎవలదో గూడ అడుగుండ్రి."

"మోచేతి మీద పేరు రాసి ఉంటదా?" అన్నాడు అచ్యుతరావు. గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇన్నేళ్ళు అందరినీ నవ్వించినవాణ్ణి, ఆ నవ్వు నా మీద పడ్డప్పుడు తెలిసింది అది ఎంత గట్టిగా తగులుతుందో.

అప్పుడు వెనక బెంచీ మీంచి మీ నాయన లేచాడు. వచ్చాడని కూడా నేను చూసుకోలేదు.

"మోచెయ్యి ఈ సారుదే. కొబ్బరికాయ పల్గలేదు సార్. నేనే తీస్కొని కొట్టిన. ఒక్క దెబ్బకు పల్గింది. ఈ చేత్తోనే" అని కట్టు చెయ్యి పైకెత్తాడు.

ఎవరూ నవ్వలేదు. వకీలు పెన్ను కింద పెట్టాడు. బావ తను రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. పన్నెండు రోజులు జాలీ కిటికీ కింద ఉంది, అలాగే నడిపించమన్నది ఎవరు, తను ఎందుకు నోరు మూసుకున్నాడు, అన్నీ ఉన్నాయి అందులో.

మొత్తం ఫోటో తెమ్మన్నాడు వకీలు. అది దొరకడం లేదన్నాడు అచ్యుతరావు. ఉపేందర్ తల వంచుకుని కాళ్ళు చూసుకున్నాడు. వాడి మీద నాకు కోపం పోలేదు, కానీ వాడిని ఏమీ అనలేదు. ఆఖరున వకీలు నన్ను అడిగాడు: "అంటే జాలీ ఊడదీసింది నువ్వేనని ఒప్పుకుంటున్నవా?"

"ఊడదీసింది నేనే. మళ్ళ పెట్టనిది గూడ నేనే. రెండు దినాలు చూసి గూడ ఊకున్న. రాసుకోండ్రి సార్. గని జాలీ లేకుండ పన్నెండు దినాలు మిషిన్ నడిపిచ్చింది ఎవలో అది గూడ గదే కాయితం మీద రాసుకోండ్రి."

బయటికి వచ్చాక బావ, నేను గేటు దగ్గర నిలబడ్డాం. నాకు ఆయన్ను కొట్టాలనిపించింది, ఆయన చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు. బస్సు వస్తే ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కలేకపోయాడు, వెనక నుంచి తోశాను. "నెట్టకు" అని కసిరాడు.

మామ

నాచారం,
జనవరి 22

భవానీ,

కాగితం వచ్చింది. "ఆ రోజు ఉదయము" అన్న మాట తీసేశారు. తమాషా కొరకు అన్న మాట కూడా తీసేశారు. పని పోలేదు. అనుమతి లేకుండా జాలీ ఊడదీసి మళ్ళీ బిగించనందుకు మూడు నెలలు ఇంట్లో కూర్చోమన్నారు. పసుపు ఆరనియ్యమన్న మాట ఆ కాగితంలో లేదు, అచ్యుతరావు పేరూ లేదు. ఆయనను ఇంకో షెడ్డుకు మార్చారు, అంతే. బావ కాగితం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయిందట. అక్కడ ఎన్నాళ్ళు నానుతుందో.

ఇంత జరిగితే ఆయన ఇంకో షెడ్డులో, అదే కుర్చీలో. నాకు నిద్ర పట్టడం లేదు కోపంతో. నాకు పడ్డ మూడు నెలల మీద మాత్రం కోపం రావడం లేదు. చాలా తక్కువ వేశారని కూడా అనిపిస్తోంది, ఈ మాట ఎవరికీ చెప్పకు.

అక్క ఎలా ఉంది అని అడగను. అడిగే మొహం నాకు లేదు.

బాలనర్సింహ

చెంగిచెర్ల,
జనవరి 27

మామకు నమస్కారం.

అచ్యుతరావు సంగతి నేను వదలను. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు శనివారం నాన్నను తీసుకుని పోతున్నాను. ఫారం నింపే పని నాకు వచ్చు, ఈసారి కనబడిందే రాస్తాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఎవరికీ చెప్పకన్న మాట కూడా. విని లేచి వంటింట్లోకి పోయి, గిన్నెలు కాసేపు గట్టిగా తోమి, వచ్చి ఇలా అంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"ఇన్ని దినాలు వాణ్ణి చెయ్యనిదానికి తిట్టిన. ఇగ చేసినదానికి తిట్టాలె. ఉత్తరంల తిడ్తే నా కడుపు సల్లవడదు. ఆదివారం రమ్మను. నా ముంగట కూసోవాలె, ఎదురు మాట్లాడొద్దు, నవ్వియ్యొద్దు."

నా వంతు తిట్లు నా దగ్గరా ఉన్నాయి, నీ దగ్గర నా కోసం ఉన్నవి కూడా తెచ్చుకో.

పన్నెండు గంటలకు రా. తిట్లు అయిపోయేదాకా అన్నం పెట్టదట. చాలాసేపు పడుతుంది, ఇంట్లో ఏదైనా తిని బయల్దేరు.

భవాని